రెండు దిబ్బలకూ సున్నం

ఆ శనివారం పొద్దున ఎనిమిదింటికి వెంకటప్పయ్య ఇంటి వెనక పాత డ్రమ్ములో అర బస్తా రాతి సున్నం పోసి, నాలుగు బిందెల నీళ్లు గుమ్మరించాడు. సున్నం బుసబుసమంటూ ఉడికింది. ఆవిరి కళ్లకు తగలకుండా మొహం పక్కకు తిప్పుకుని, కట్టెతో కలియదిప్పి, చిటికెడు నీలిమందు కూడా వేశాడు. ఇంత శ్రద్ధగా సున్నం నానబెట్టిన మనిషి, ముందురోజు సాయంత్రం, సున్నం వద్దంటే వద్దని చెప్పి పంపించాడు.

అడగడానికి వచ్చింది పద్మావతమ్మ. చర్చి పక్కనున్న చిన్న దవాఖానాలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి దిగిపోయింది. ఊళ్లో సగం మంది ఆమె చేతుల్లోకే పుట్టారు. గుడ్ ఫ్రైడే ఆరాధన అయిపోగానే, కట్టుకున్న తెల్లచీరతోనే ఆయన వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"అన్నా, రేపు తోటల సమాధులకు సున్నమేస్తరు. ఎల్లుండి ఈస్టర్. వదినదొక్కటి ఉత్తగనే వదిలెయ్యాల్నా, దానికీ వెయ్యాల్నా? నువ్వెట్లంటె గట్ల. ఎనక మాత్రం నన్ను అనొద్దు."

"వద్దు సిస్టరుగారూ. నా సంగతి మీకు తెలుసు గదా."

"తెల్సు. అందుకే అడిగిన."

ఆమె ఇంకో మాట అనలేదు. అని ఉంటే ఆయన వాదించేవాడు. వాదించి ఉంటే రాత్రి హాయిగా నిద్రపట్టేది.

ఆయన సంగతి నిజంగానే ఊరందరికీ తెలుసు. జూలూరుపాడుకు ఆరు మైళ్ల దూరంలో, అడవిని ఆనుకుని ఉన్న ఆ ఊరికి వెంకటప్పయ్య తెనాలి వైపు నుంచి 1968లో వచ్చాడు. అక్కడి చారెడు మాగాణి అమ్ముకుని ఇక్కడ పద్దెనిమిది ఎకరాలు కొన్నాడు. మిరప వేశాడు, పత్తి వేశాడు. కొత్తింట్లో దిగడానికి కావాలనే మంగళవారం, అమావాస్య కలిసొచ్చిన రోజు చూసుకున్నాడు. పాలు పొంగించలేదు. టీ కాచుకు తాగారు. ఆ సంగతి మూడు ఊళ్లు చెప్పుకున్నాయి. ఆ ఏడు మిరప బాగా పండింది. అదీ చెప్పుకున్నారు గానీ కాస్త తక్కువ చెప్పుకున్నారు.

ఆయన పెళ్లి దండల పెళ్లి. భార్య నిర్మలాదేవి మెడలో తాళి లేదు, చేతికి గాజు లేదు, కాలికి మట్టె లేదు. తండ్రి పోతే తల గొరిగించుకోలేదు, పెద్దకర్మ చేయలేదు. సూర్యగ్రహణం నాడు నడివీధిలో మంచం వేసుకుని ముద్దపప్పుతో అన్నం తిన్నాడు. పూనకం వచ్చిన మనిషి ఎదురుపడితే నాడి పట్టుకుని చూసేవాడు. ఊరివాళ్లు ఆయనకు 'దేవుడు లేని దొర' అని పేరు పెట్టారు. మొదటి రెండు మాటలకూ ఆయన సంతోషించాడు, మూడో మాటకే ఒళ్లు మండేది.

"దొర గిర అనొద్దురా" అనేవాడు.

"అట్లనే దొరా" అనేవాళ్లు.

పిల్లలు లేరు. ఎందుకు లేరో కూడా ఆయన డాక్టరు చీటీతో సహా చెప్పగలడు. ఆయన దగ్గర జవాబు లేని ప్రశ్న ఆ ఊళ్లో అప్పటిదాకా ఎవరూ అడగలేదు.

నిర్మలాదేవి ఆయనలా మాట్లాడే మనిషి కాదు. ఏ గుడికీ వెళ్లలేదు. వెళ్లాలని ఉందని కూడా ఎన్నడూ అనలేదు. ఒక్కటే అలవాటుండేది. ఈస్టర్ నాడు తెల్లవారుజామున లేచి, దొడ్లో నూరు వరహాలు, గన్నేరు పూలు కోసుకుని, పద్మావతమ్మతో కలిసి క్రైస్తవుల సమాధుల తోటకు వెళ్లేది. అక్కడ పొద్దు పొడవకముందే ప్రతి సమాధి మీదా కొవ్వొత్తులు వెలిగిస్తారు, పూలు పెడతారు, పాటలు పాడతారు. ఆమె పాడేది కాదు, దణ్ణం పెట్టేది కాదు. ఎవరూ లేని సమాధి కనబడితే పూలు దాని మీద పెట్టి, కంచె దగ్గర నిలబడి చూసి, తెల్లారేసరికి ఇంటికొచ్చి పొయ్యి వెలిగించేది. ఏటా ఇంటికి వెల్ల వేయగా మిగిలిన సున్నం ఆ తోటకు పంపేది కూడా ఆమే. చెదలు పట్టకుండా వేస్తున్నానని వెంకటప్పయ్య చెప్పుకునే ఆ వెల్ల సరిగ్గా ఉగాది ముందే ఎందుకు పడుతుందని అడిగిన వాళ్లు లేరు.

"ఎందుకెళ్తావు అక్కడికి?" అని ఆయన ఒకసారి అడిగాడు.

"చూడ్డానికి బాగుంటుంది" అంది.

పద్దెనిమిది ఏళ్లలో ఆ విషయం మీద వాళ్లిద్దరి మధ్యా నడిచిన మాటలు ఆ రెండే.

1986 ఆగస్టులో గోదావరి భద్రాచలాన్ని ముంచిన వానలకు ఈ ఊరి వాగు కూడా ఒడ్లు తెంచుకుంది. ఆ వారంలోనే నిర్మలాదేవికి చలిజ్వరం పట్టింది. కొత్తగూడెం బస్సులు ఆగిపోయాయి. ఎడ్లబండి కూడా వాగు దాటే వీలు లేదు. పద్మావతమ్మ తన దగ్గరున్న సూదులన్నీ వేసింది. మూడో రోజుకు జ్వరం తలకెక్కింది. నాలుగో రోజు పొద్దున ఆమె పోయింది.

శ్మశానం వాగు ఒడ్డునే. అది మనిషి లోతు నీళ్లలో ఉంది. ఊళ్లో ఎండు కట్టె అన్నది లేదు. ఆ పగలు చూశారు, ఆ రాత్రి చూశారు. వాన తగ్గలేదు. మిట్ట మీద ఉన్నది ఒక్క క్రైస్తవుల తోటే. పద్మావతమ్మ సంఘం పెద్దలతో మాట్లాడి వచ్చి, "అన్నా, నీకు పట్టింపు లేకుంటె మా తోటల పెడదం" అంది.

"నాకు పట్టింపేముందమ్మా. ఎక్కడైనా మట్టి మట్టే" అన్నాడు వెంకటప్పయ్య.

ఆ రోజు ఆ తోటలో రెండు గుంతలు తవ్వారు. రెండోది ముత్తక్క అనే కోయ మనిషికి. వాగు పొంగకముందే అవతలి గూడెం నుంచి జ్వరంతో మంచం మీద మోసుకొచ్చారు. దవాఖానా వరండాలో ఆమె పోయేసరికి వెనక్కి మోసుకెళ్లే దారి లేకుండా పోయింది. రెండు గుంతలూ తవ్వింది తండా నుంచి వచ్చే తుల్సీరాం ఒక్కడే. గుంత సగంలో ఉండగానే నీళ్లూరేవి. తట్టతో ఎత్తిపోస్తూ తవ్వాడు.

ఇద్దరినీ కాస్త వెనకాముందుగా దించారు. ఇంకా దించకముందు వెంకటప్పయ్య గొడుగు పట్టుకుని గుంతలకు పది గజాల దూరంలో నిలబడ్డాడు. తుల్సీరాం పారకు ఆనుకుని, "దించినంక మూడు పిడికిళ్ల మన్ను వెయ్యాలె దొరా" అన్నాడు.

"అదీ ఒక తంతే" అన్నాడు వెంకటప్పయ్య. ముప్పై అయిదేళ్ల నియమం ఆ ఒక్క పూటకు తప్పడం ఆయనకు నచ్చలేదు. వెనక్కి తిరిగి, గేటు దాటి, బురదలో ఇంటికి నడిచి వచ్చేశాడు. వారం తర్వాత పద్మావతమ్మ ఒక రాయి పాతిద్దామంటే దానికీ ఒప్పుకోలేదు. "రాయి వద్దు, పేరు వద్దు. మనిషి పోయాక మిగిలేదేం లేదు" అన్నాడు. మళ్లీ ఆ తోట వైపు పోలేదు.

ఎనిమిది నెలలు గడిచి ఇదిగో, 1987 ఏప్రిల్ పద్దెనిమిదిన, కల్లంలో మిరపకాయలు ఎండుతుంటే, కూలీలు ఏరుతుంటే, ఆ పని వాళ్లకు వదిలేసి, డ్రమ్ములో సున్నం కలుపుతున్నాడు. తనకు తాను చెప్పుకున్న సమాధానం ఇది: సున్నం వేస్తే పురుగు పట్టదు. ఆ సమాధానం మధ్యాహ్నం దాకా నిలబడలేదు. మట్టిదిబ్బకు పురుగు పడితే నష్టమేమిటన్న ప్రశ్న ఆయనకు ఆయనే వేసుకున్నాడు.

మూడు గంటలకు రెండు బకెట్ల సున్నం, ఈతమట్ట మొదలు దంచి చేసిన కుంచె తీసుకుని బయల్దేరాడు.

తోటలో అప్పటికే ఇరవై మంది దాకా ఉన్నారు. గడ్డి చెక్కేవాళ్లు, కుంచెలు పట్టినవాళ్లు, సిలువల మీద వానకు చెరిగిపోయిన పేర్లను నీలం రంగుతో మళ్లీ దిద్దేవాళ్లు. ఎవరో టిఫిన్ డబ్బాలు కూడా తెచ్చుకున్నారు. వెంకటప్పయ్యను చూసి చేతులు ఆగాయి. ఒక ముసలాయన మరీ మర్యాద చేసి చేతిలో బకెట్ అందుకోబోయాడు.

"నేను తెచ్చుకుంటాలే. ఏది, మావిడది ఏది?" అన్నాడు వెంకటప్పయ్య.

పద్మావతమ్మ కుంచె కిందపెట్టి ముందు నడిచింది. తూర్పు మూల కంచె దగ్గర రెండు మట్టిదిబ్బలున్నాయి. పక్కపక్కనే, ఒకే పొడవు, ఒకే గడ్డి. మధ్యన మూడడుగుల ఖాళీ. తోటలో సున్నం పడనివి ఆ రెండే.

"ఏది?" అని మళ్లీ అడిగాడు.

పద్మావతమ్మ రెంటి వైపూ చూసింది. "తుల్సీరాం! ఇటు రా!" అని కేకేసింది.

తుల్సీరాం గడ్డి కొడుతున్నవాడల్లా తలగుడ్డతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు. "కుడి పక్కది దొరా" అన్నాడు. తడుముకోలేదు. "నడుమ మోదుగు చెట్టుండె. చెట్టుకు కుడి పక్క అమ్మగారు."

"మోదుగు చెట్టేదిరా?"

"దసరా ముంగట గాలికి పడె. కట్టెలకు కొట్టుకపోయిండ్రు."

"సరే. కుడి అంటే ఎటు నుంచి కుడి?"

"గేట్ల నుంచి వస్తాంటె కుడి."

"ఏ గేటు?" అంది పద్మావతమ్మ. "అప్పుడు గేటు వాగు దిక్కుండె. కంచె మల్లేసినంక గదా ఇటు పెట్టింది."

తుల్సీరాం పాత గేటు ఉన్న చోటికి పోయి, అక్కడి నుంచి నడిచి వచ్చాడు. దిబ్బల దగ్గర ఆగి కుడిచెయ్యి చాపాడు. ఆ చెయ్యి ఇందాక చూపించిన దిబ్బ మీద కాకుండా రెండోదాని మీదికి పోయింది. చెయ్యిని అలాగే ఉంచి ఆలోచించాడు.

"కాదు దొరా, నేను గుంతల నిలబడి ఉన్న గదా. గుంతలకెల్లి చూస్తె కుడి అంటె..." అంటూ రెండు దిబ్బల మధ్యకు వెళ్లి, ఒకసారి ఇటు తిరిగాడు, ఒకసారి అటు తిరిగాడు. గానుగెద్దులా రెండు చుట్లు తిరిగి, ఆఖరుకు తూర్పు ముఖంగా నిలబడిపోయాడు.

"నాకు యాదికుంది, ఎడమ పక్కది వదినది" అంది పద్మావతమ్మ.

"మీరెక్కడ చూసిండ్రమ్మా? దించేటప్పుడు కండ్లు మూసుకొని ప్రార్థన చేస్తుంటిరి. పాస్టరయ్యగారు చదువుడు అయ్యేదాంక మీరు కండ్లు తెరవలే. అప్పటికి నేను రెండూ పూడ్సిన."

పద్మావతమ్మ మొహం ఎర్రబడింది. "మరి నువ్వు చూసినవు గదరా అన్నీ!"

"వాననమ్మా! నాకు, మోసినోళ్లకు నీళ్లే కనబడ్డయి."

ఇద్దరూ కలిసి వెంకటప్పయ్య వైపు చూశారు. దేవుణ్ణి నమ్మినామె కళ్లు మూసుకుంది, తవ్వినవాడు నీళ్లు చూశాడు. కళ్లు తెరుచుకుని, చదువుకుని, దేనికీ లొంగనని నిలబడ్డ మనిషి ఒక్కడుండాలి గదా. ఆ మనిషి మట్టి వేయడం తంతని గేటు దాటి పోయాడు. ఇంకో పావుగంట నిలబడి ఉంటే ఆయనకు తెలిసేది.

"నువ్వు జూడలేదా అన్నా?" అంది పద్మావతమ్మ. ఎత్తిపొడుపు ఏమీ లేదు ఆ మాటలో. అందుకే గుచ్చుకుంది.

"లేదు" అన్నాడు.

సున్నం బకెట్లు రెండూ కింద పెట్టాడు. ఏ దిబ్బ పక్కన పెట్టాలో తెలియక కొంచెం ఎడంగా పెట్టాడు.

అప్పుడు వచ్చింది జంపక్క. ముప్పైలోపు మనిషి. మోకాళ్ల దాకా ఎర్రదుమ్ము. చేతిలో మోదుగాకు పొట్లం. గేటు దగ్గర ఎవరినో అడిగి, నేరుగా ఈ మూలకే నడిచి వచ్చింది. రెండు దిబ్బలనూ ఒకసారి చూసి, గేటుకు దగ్గరున్న దాని పక్కన కూర్చుని, పొట్లం విప్పి దోసెడు ఇప్పపువ్వు దాని మీద పోసింది.

"ఎవలమ్మా నువ్వు?" అంది పద్మావతమ్మ.

"ముత్తక్క బిడ్డను. జంపక్క. మా అమ్మ ఈడనే గదా?"

"ఈడనే. అంత దూరం నుంచి గీ దినమే ఎట్లొచ్చినవ్?"

"ఇప్పపువ్వు ఏరనీకి ఇటు దిక్కు ఆడోళ్లు మా అడివికి వచ్చిండ్రు. గీ దినం తోటల అందరి బొందలకు సున్నమేసి, ఎవలెవలది ఏదో ఎరుక చేస్తరని చెప్పిండ్రు. చీకట్ల లేసి బయలెల్లిన. అప్పుడు నేను పచ్చి బాలింతను, రాకపోతి. మా నాయిన వచ్చిండు గని ఆయన మాఘమాసంల పాయె. చూపెట్టెటోడు లేడు."

వెంకటప్పయ్య గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, నువ్వు కూర్చున్నది... అది మావిడది కావచ్చు."

జంపక్క చెయ్యి దిబ్బ మీదే ఉంచి ఆయన వైపు తలెత్తింది. "మీ ఇంటామెదా? నీకెట్ల తెల్సు?"

"నాకు తెలీదు."

"తెల్వకుంటె ఎట్లంటవయ్యా?"

మనిషి పోయాక ఏమీ మిగలదన్నవాడు, ఆ మిగలనిది ఏ దిబ్బ కింద ఉందన్నది తేలకపోతే నష్టమేముంది? ఈ వాదన ఎదుటివాడు తెచ్చి ఉంటే ఆయన చప్పట్లు కొట్టేవాడు. ఇప్పుడు కాళ్లు మాత్రం అక్కడి నుంచి కదలడం లేదు. రెండు దిబ్బల వైపూ మార్చి మార్చి చూశాడు. ఇంట్లో ఏ గిన్నె ఎక్కడుందో కూడా ఆమె పోయిన తర్వాతే ఆయనకు తెలిసింది. ఇది కూడా అలాంటిదేనేమో అనిపించింది. గిన్నెలైతే వెతికితే దొరికాయి.

తుల్సీరాం కాసేపు తల గోక్కున్నాడు. మనిషి మంచివాడు. తన వల్లే ఈ చిక్కు వచ్చిందన్న బాధ అతనికుంది. "దొరా, ఒక్క మాట. మీకు గిసుంటియి పట్టింపు లేదు గదా. తవ్వి చూద్దమా? గంట పని. ముత్తక్క చేతులకు ఇత్తడి కడియాలున్నయి, నేనే చూసిన. అమ్మగారికి గాజు గిట్ల ఏం లేకపాయె. ఒక్కటి తవ్వితె తేలిపోతది."

అందులో తప్పేమీ లేదు. తార్కికంగా అంతకు మించిన దారి లేదు. వెంకటప్పయ్యే ఇంకొకరి విషయంలో సరిగ్గా ఆ సలహాయే ఇచ్చేవాడు.

"వద్దు!" అని అరిచాడు. తోటలో కుంచెలన్నీ ఆగిపోయాయి. గొంతు తగ్గించి, "వద్దురా. ముట్టుకోకు" అన్నాడు.

"ఎందుకు దొరా? మట్టి మట్టే అంటిరి గదా అప్పుడు."

"అన్నాను."

"మరి?"

"మరి అంటే ఏం చెప్పమంటావురా! వద్దన్నాను, అంతే."

జంపక్క కూడా రెండు చేతులూ దిబ్బ మీద పరిచింది. "తవ్వొద్దు. మా అమ్మ కాకున్నా తవ్వొద్దు" అంది.

తుల్సీరాం పార తీసుకుని దూరంగా వెళ్లి కూర్చుని బీడీ ముట్టించాడు. వీళ్లకేం కావాలో వీళ్లకే తెలియనప్పుడు తానేం చెయ్యాలన్నట్టుంది అతని వాలకం.

పొద్దు వాలుతోంది. సున్నం అడుక్కు దిగుతోంది. పద్మావతమ్మ రెండుసార్లు వచ్చి చూసి వెళ్లింది. ఆఖరుకు వెంకటప్పయ్యే కుంచె తీసుకుని, జంపక్క కూర్చున్నది కాక రెండో దిబ్బ దగ్గరకు నడిచాడు. "నువ్వు దానికి వెయ్యి, నేను దీనికి వేస్తాను" అన్నాడు.

జంపక్క ఒప్పుకోలేదు. "రేపు నాదనుకున్నది నీదైతే? పొద్దంత నడిచొచ్చి, మా అమ్మకు చెయ్యి పెట్టక పోతనా?"

"మరెట్లా?"

ఆమె లేచి రెండు దిబ్బల మధ్యా నిలబడింది. కర్రపుల్లతో ఒక్కోదాని నడుముకు అడ్డంగా గీత గీసింది. "రెంటికి తల దిక్కు నువ్వెయ్యి. రెంటికి కాళ్ల దిక్కు నేనేస్త. ఏది ఎవలదైనా ఇద్దరి చెయ్యి పడ్డట్టె."

ఆ లెక్కలో వెంకటప్పయ్యకు తప్పు దొరకలేదు. దొరకలేదని కాస్త ఆశ్చర్యపోయాడు కూడా. పద్మావతమ్మ ఇంకో కుంచె తెచ్చి జంపక్క చేతికిచ్చింది. ఇద్దరూ గడ్డి పీకి, దిబ్బలను అరచేతులతో చదును చేసి, నీళ్లు చల్లి మొదలుపెట్టారు. తడి మట్టికి మొదటి పూత ఇంకిపోయింది. రెండో పూతకు కాస్త తెలుపు తేలింది. వెంకటప్పయ్య మోకాళ్ల మీద కూర్చుని వేస్తున్నాడు. చూసేవాళ్లకు ఆయన మోకరిల్లినట్టు కనబడింది. ఆ సంగతి ఆయనకూ తట్టి, లేచి వంగి వెయ్యబోయాడు. నడుము పట్టేసింది. మళ్లీ మోకాళ్ల మీదే కూర్చున్నాడు.

"మీ అమ్మ ఎట్లాంటి మనిషి?" అని అడిగాడు మధ్యలో.

"వట్టి నోరు. కోడిపిల్ల తప్పిపోతె గూడెం గూడెం లేపేది. మీ ఆమె?"

వెంకటప్పయ్య కుంచె బకెట్లో ముంచి, అంచుకు రాసి పిండాడు. "తక్కువ మాట్లాడేది" అన్నాడు. ఇంకేదైనా చెబుతాడేమోనని జంపక్క చూసింది. ఆయన కూడా వెతుక్కున్నాడు. చుట్టూ ఉన్న సమాధులను చూపించి, "ఈ తోట చూడ్డానికి బాగుంటుందని వచ్చేది" అన్నాడు.

నీలం రంగు డబ్బాతో వచ్చిన మనిషి, పేర్లేం రాయమంటారని అడిగాడు. రెంటి మీదా రెండు పేర్లు రాయమంది జంపక్క. తనకు చదువు రాదు కాబట్టి ఎలా ఉన్నా ఫరవాలేదంది. వెంకటప్పయ్య చాలాసేపు ఆలోచించి, ఏమీ రాయొద్దన్నాడు. తర్వాత, జంపక్కకు కావాలంటే రాయమన్నాడు. తర్వాత, రేపు చూద్దామన్నాడు. రంగు డబ్బా మనిషి మూడుసార్లు వచ్చి మూడుసార్లు వెళ్లిపోయాడు.

ఆ రాత్రి జంపక్క పద్మావతమ్మ వరండాలో పడుకుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు చర్చి నుంచి లాంతర్లు బయల్దేరాయి. పాట వినిపించగానే వెంకటప్పయ్య లేచాడు. దొడ్లోకి వెళ్లి గన్నేరు కొమ్మ వంచి, కోసి, కోసిన పూలను ఏం చేయాలో తోచక తువ్వాలులో మూటగట్టాడు.

తోటలో నిర్మలాదేవి ఎక్కడ నిలబడేదో ఆయనకు తెలియదు. కంచె దగ్గర అని మాత్రం తెలుసు. కంచె పొడవునా ఒకసారి నడిచి, ఒక చోట ఆగాడు.

కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. అన్ని సమాధులూ తెల్లగా ఉన్నాయి. గాలికి సగం కొవ్వొత్తులు ఆరిపోతున్నాయి, మళ్లీ వెలిగిస్తున్నారు. ఒకావిడ పైటకొంగు మంట మీదకు పోతే పక్కావిడ తిట్టి లాగింది. చిన్నపిల్ల ఒకతె మైనం ముద్దలు చేసుకుంటోంది. అవతల ఎవరో ఏడుస్తున్నారు, ఆ పక్కనే ఎవరో కొత్తచీర ఎక్కడ కొన్నారో చెప్పుకుంటున్నారు. ఇది చూడ్డానికి బాగుందా? వెంకటప్పయ్య నిజాయితీగానే చూశాడు. బాగుందో లేదో తేలలేదు. ఆమె చూసేదేదో ఈ మొత్తంలో ఎక్కడుందో పట్టుకోవాలన్నట్టు ఒక్కొక్క సమాధీ చూసుకుంటూ పోయాడు. పోతూ పోతూ తూర్పు మూలకు చేరాడు.

జంపక్క అక్కడే కూర్చుని ఉంది. రెండు దిబ్బల మీదా ఇప్పపువ్వు ఉంది. పద్మావతమ్మ ఒక్కోదాని మీద ఒక్కో కొవ్వొత్తి నిలబెట్టి, అగ్గిపుల్లలు అయిపోయి తడుముకుంటోంది.

"అన్నా, అగ్గిపెట్టె ఉన్నదా?"

వెంకటప్పయ్య చుట్ట కోసం ఉంచుకున్న అగ్గిపెట్టె జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆమె రెండు పుల్లలు గీస్తే రెండూ ఆరిపోయాయి. మూడోసారి ఆయన రెండు అరచేతులూ మంటకు అడ్డం పెట్టాడు. ఒకటి వెలిగింది. చేతులు రెండోదాని దగ్గరకు జరిపాడు. అదీ వెలిగింది. తువ్వాలు విప్పి గన్నేరు పూలు సగం దీని మీదా సగం దాని మీదా వేశాడు. ఇది తంతా కాదా అని ఎవరైనా అడుగుతారేమోనని చుట్టూ చూశాడు. ఎవరూ ఆయన్ని పట్టించుకోవడం లేదు.

పాస్టరు అయ్యగారు పెట్రోమాక్స్ వెలుగులో కథ చెబుతున్నాడు. ఆదివారం తెల్లవారుజామున ఆడవాళ్లు సుగంధ ద్రవ్యాలు పట్టుకుని ప్రభువు సమాధి దగ్గరకు పోయారనీ, చూస్తే అందులో ఎవరూ లేరనీ, ఎక్కడ పెట్టారో చెప్పమని వాళ్లలో ఒకామె తోటమాలి అనుకున్న మనిషిని అడిగిందనీ.

జంపక్క చెవి రిక్కించి విని, వెంకటప్పయ్య వైపు వంగింది. "అయ్యా, గాళ్లకు గూడ దొరకలేదా?"

"దొరకలేదట."

"మరేం చేసిండ్రు?"

దానికి పాస్టరు దగ్గర ఒక జవాబు ఉంది: చనిపోయినవాడు లేచాడని. అది వెంకటప్పయ్యకు తెలుసు, దాన్ని ముప్పై ఏళ్లుగా ఖండిస్తున్నాడు. ఆ పూట మాత్రం ఖండించలేదు.

"సిస్టరుగారిని అడుగు" అన్నాడు.

తెల్లారింది. జనం కొవ్వొత్తుల వత్తులు గిల్లి ఆర్పి, ఒకరికొకరు చేతులు కలుపుకుని ఇళ్లకు పోయారు. పద్మావతమ్మ ఇంట్లో జంపక్క అన్నం తిని, ఎండ ముదరకముందే బయల్దేరింది. పోతూ పోతూ వెంకటప్పయ్య కల్లం దగ్గర ఆగి, "వచ్చే ఏడు నేను రాకుంటె కాళ్ల దిక్కు గూడ నువ్వే ఎయ్యి" అని చెప్పి పోయింది.

ఆయన సరేనన్నాడు. సరేనన్న తర్వాత, దేనికి సరేనన్నానా అని మిరపకాయలు తిరగేస్తూ చాలాసేపు ఆలోచించాడు. భార్య కోసమైతే, సగం సున్నం ముక్కూ మొహం తెలియని మనిషికి పడింది. భార్య కోసం కాకపోతే, తవ్వుతానన్నప్పుడు అంత అరుపు ఎందుకు అరిచాడు? రెండు వైపుల నుంచీ లాగి చూశాడు. ముడి విడలేదు. సాయంత్రం తుల్సీరాం వచ్చి, తనకు రాత్రి కలలో ఖాయంగా తెలిసిందనీ, అమ్మగారిది కుడి పక్కదేననీ చెప్పాడు. ఎటు నుంచి కుడి అని వెంకటప్పయ్య అడగలేదు.

డిసెంబరులో పద్మావతమ్మ కొత్త కేలండరు ఇవ్వడానికి వచ్చినప్పుడు, వచ్చే ఈస్టర్ కూడా ఏప్రిల్ పంతొమ్మిదేనా అని అడిగాడు. కాదు, ఏటా మారుతుందనీ, వచ్చే ఏడు ఏప్రిల్ మూడనీ ఆమె చెప్పింది. పున్నమిని బట్టి లెక్క కడతారంది.

"మీరు కూడా పంచాంగమేనన్నమాట" అని విసుక్కున్నాడు.

"అవ్. నీకెందుకన్నా తారీఖు?"

ఆమె పోయాక కేలండరు గోడకు తగిలించి, నాలుగో నెల కాగితం పైకెత్తి పట్టుకుని, మూడో తారీఖు ఆదివారం అని సరిచూసుకుని, దాని ముందు గడిలో పెన్సిలుతో రాసుకున్నాడు: "సున్నం. రెండు."